ఉతకని చీర

సంచి అడుగున రెండు చొక్కాలు, రెండు నిక్కర్లు పరిచి, వాటి మీద స్టీలు గ్లాసు బోర్లించింది షంషాద్. పక్కన దగ్గుమందు, చెవి తెగిన గుడ్డ కుందేలు. అన్నిటి మీదా, నిన్నంతా తాను కట్టి విడిచిన గళ్ళ చీరను ఉతక్కుండానే మడత పెట్టింది. శిశుగృహం నుంచి దత్తత వెళ్ళే ప్రతి బిడ్డ సంచినీ ఆమె ఇలాగే సర్దుతుంది. పసివాళ్ళకు మనిషి కంటే ముందు మనిషి వాసన తెలుస్తుంది. ఏడ్చి ఏడ్చి ఆమె కొంగులో ముక్కు దూర్చాక గానీ వాళ్ళు నిద్రపోరు.

తేజకు రెండేళ్ళు దాటాయి. నడక వచ్చింది, మాటలు కొద్దిగా వచ్చాయి. వాటిలో ఒకటి "సూది". పురిటిగుడ్డుగా నరసరావుపేట శిశుగృహానికి చేరిన ఆ పిల్లవాడు గేటు దాటిందల్లా ఆటోలో ఆసుపత్రికే. అందుకని వాడికి వీధి అంటే సూదే. ఆటో చప్పుడు వినపడితే చాలు, రెండు చేతులూ తొడకు అడ్డం పెట్టుకుంటాడు.

వాడిని పెంచుకుంటున్న సుకన్య నూజెండ్ల దగ్గరి పల్లెలో రైతుల ఇంటి కోడలు. కొన్నాళ్ళుగా రోజూ వచ్చి, షంషాద్ విడిచిన చీర పైన చుట్టుకుని, వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తోంది. నాలుగు గోడల మధ్య వాడు ఆమెకు మాలిమి అయ్యాడు. చిక్కంతా గేటు బయటే. మొదట సందు చివరి సోడాకొట్టు దాకా, ఆ తర్వాత కూరగాయల మార్కెట్టు దాకా సుకన్య ఎత్తుకుని నడిచింది. షంషాద్ వెనక నడిచింది, రోజురోజుకూ కాస్త దూరం పెంచుకుంటూ. సుకన్య వాళ్ళకు కారుంది. కానీ కారు తలుపు పడగానే వాడు ఊపిరి బిగబట్టి నీలంగా మారాడు. అందుకే ఈ వేళ బస్సు.

ఈ వేళ సుకన్య అత్త నాగేంద్రమ్మ కూడా వచ్చింది. మనవడికి వెండి మొలతాడు తెచ్చి, తనే కట్టి, వాడి పొట్ట మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత సంచి విప్పి చూసి, గళ్ళ చీరను రెండు వేళ్ళతో పైకి లేపింది.

"ఏందమ్మా ఇది?"

"పిల్లోడి కోసమండీ. అమ్మాయి పైన కప్పుకుంటే ఊరుకుంటాడు."

"బిడ్డతో గడప తొక్కేది ఇయ్యాల. దీనికి పట్టుచీర కట్టించి తీసుకొచ్చా. నువ్వు కట్టి ఇడిచిన మైలగుడ్డ కప్పుకొని దిగితే మా ఊళ్ళో ఏమంటారు?"

సుకన్య పట్టుచీర కొంగు సర్దుకుంది. షంషాద్ చీర తీసుకెళ్ళి పెట్టె మీద పెట్టి వచ్చింది. ఇంతకంటే పెద్ద మాటలే పడింది ఆమె. కడుపు పండలేదని మాచర్లలో అత్తగారు చేతికి ఒక సంచి ఇచ్చి పంపేసింది. అప్పటి నుంచీ ఈ ఆయా పనే. చంకనెత్తి పెంచిన పిల్లలు ఎందరో. పెద్దయ్యాక ఎట్లా ఉన్నారో ఒక్కరినీ చూడలేదు. ఆమెకు ఒకటే పట్టింపు. మిగతా ఆయాలు "చాక్లెట్ తెస్తా" అని జారుకుంటారు. షంషాద్ మాత్రం, "నేను పోతన్నా నాయనా, నువ్వు అమ్మతో పో" అని మొహం మీదే చెప్పి, వాడు ఏడుస్తున్నా, చూస్తుండగానే వెళ్తుంది. చెప్పకుండా వదిలిన బిడ్డ తలుపు వంక చూడటం మానదని ఆమె భయం.

పొద్దున్నే బురఖాలో పనికి వచ్చి, గేటు దగ్గరే దాన్ని తీసి మేకుకు తగిలించడం ఆమె అలవాటు. పిల్లలెవరూ ఆమెను బురఖాలో చూడలేదు. బస్సెక్కించి అటే ఇంటికి వెళ్ళొచ్చని, ఈ వేళ దాన్ని చేతిసంచిలో పెట్టుకుంది.

మే నెల ఎండ. బస్టాండు సిమెంటు నేల చెప్పుల్లోంచి కాలుతోంది. షంషాద్ చంకలో ఉన్నంతసేపూ తేజ బస్సులకు చేతులూపాడు. వినుకొండ బస్సు వచ్చింది. సుకన్య చేతులు చాచి వాడిని అందుకుంది. గరుకు జరీ చెంపకు తగిలిందో, కొత్తబట్ట వాసన తగిలిందో, వాడు విల్లులా వెనక్కి విరుచుకున్నాడు. తొడ రెండు చేతులా పట్టుకుని, "సూదొద్దు! సూదొద్దు!" అని గుక్కపట్టాడు.

జనం మూగారు.

"ఎవరి పిల్లోడే?" అంది అరటిపళ్ళామె.

"మా పిల్లోడే," అంది సుకన్య.

"మీ పిల్లోడైతే నిన్ను చూసి అట్టా బెదురుతాడేంది?"

"కాయితాలున్నయ్," అంది నాగేంద్రమ్మ. ఊళ్ళో పదిమందిని గదమాయించే గొంతు ఇక్కడ సన్నబడింది.

"పిల్లోడికి కాయితాలేంది, గేదెనా?" ఎవరో నవ్వారు. ఒకతను ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. కండక్టరు కిందికి దిగి, "పోలీసుల్ని పిలవమంటారా, ఎక్కుతారా?" అన్నాడు.

షంషాద్ పిల్లవాడిని లాక్కుని వాళ్ళిద్దరినీ ఆడవాళ్ళ గదిలోకి నడిపించింది.

"నా ఒంటి మీదదే ఇస్తా. అమ్మాయి చుట్టుకుంటే తప్ప వీడు బస్సెక్కడు పెద్దమ్మా."

"మరి నువ్వేం కట్టుకుంటావ్?"

"నాకు బురఖా ఉందిగా."

నాగేంద్రమ్మ వాడి తొడ మీది చేతుల్ని చూసింది. పసివేళ్ళు తెల్లబడిపోయి ఉన్నాయి.

"చుట్టుకోవే సుకన్యా," అంది. తన కొంగు రెండు చేతులా చాపి పట్టుకుని, షంషాద్‌కు తెరలా నిలబడింది.

సుకన్య బెంచీ మీద కూర్చుంది. షంషాద్ వాడిని ఆమె ఒళ్ళో దించి, ఇద్దరి తలల మీదుగా కొంగు కప్పింది. ఆ కొంగుచాటున వాడు ముక్కు దూర్చాడు. షంషాద్ తన ఒంటి మీది చీరను ఒక్కో చుట్టే విప్పుతూ సుకన్య చుట్టూ వేసింది. కుచ్చిళ్ళు ఊడి వచ్చేసరికి ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. లంగా జాకెట్టు మీదే బురఖా తొడుక్కుని, ముఖం మీదికి నల్లటి తెర దించుకుంది.

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. చెబితే గొంతు గుర్తుపడతాడు. పళ్ళు బిగించుకుంది.

వాళ్ళకు దొరికిన కిటికీ సీటు ఎండవైపు. డ్రైవరు టీకి వెళ్ళాడు. షంషాద్ కిటికీ కింద నిలబడింది.

"మాడిపోతన్నావు, నీడకు పోవమ్మా," అంది నాగేంద్రమ్మ లోపలి నుంచి.

షంషాద్ తల అడ్డంగా ఊపింది. కాసేపటికి తేజ కొంగులోంచి ముఖం బయటపెట్టి కిందికి చూశాడు. "ఆయా?" అన్నాడు. వాడి చూపు నల్లటి తెర మీదికి వచ్చి, ఆగకుండా, అరటిపళ్ళ బండి మీదికి జరిగిపోయింది.

"ఎవరి పిల్లోడమ్మా?" ఈసారి కండక్టరు అడిగాడు.

"మా పిల్లోడయ్యా. టికెట్ కొట్టు," గదమాయించింది నాగేంద్రమ్మ.

బస్సు కదిలేసరికి షంషాద్ వీపుకు బురఖా అతుక్కుపోయి ఉంది. బస్సు మలుపు తిరిగిపోయినా అక్కడే నిలబడింది. తర్వాత శిశుగృహం మేడంకు ఫోన్ చేసింది.

"ఎక్కించానమ్మా. ఏడవలేదు. ఇంటికి పోయి చీర కట్టుకొని వస్తా."

దగ్గరే గదా అని నడిచింది. మధ్యలో మూసి ఉన్న కొట్టు అరుగు మీద ఒకసారి కూలబడి లేచింది. తలుపు తాళం తీస్తుంటే పక్కింటి ఆస్మా చూసింది.

"ఏంది చాచీ, చెయ్యి అట్టా వణుకుతంది?"

"చానా ఎండలే. కాసేపు పడుకుంటా. సాయంత్రం డ్యూటీకి పోవాల, నాలుగింటికి లేపమ్మా."

నాలుగింటికి ఆస్మా వచ్చి లేపింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. ఆ రాత్రి గడవలేదు.

చీర కట్టుకొని వస్తానన్న షంషాద్ శిశుగృహానికి మళ్ళీ రాలేదు.