మూడు పట్టీల బండి

తమ్ముడి ట్రాలీ బండి వెనక కుంగుతోందని మొట్టమొదట కనిపెట్టిన ఘనత అన్నగారిదే. తమ్ముడు ఆ రోజు ఎవరికో సాయానికని సిమెంటు బస్తాలు వేసుకొచ్చాడు. బండి తోక నేలను తాకుతోంది, మూతి ఆకాశం చూస్తోంది. టీ కొట్టు దగ్గర అన్నగారూ, ఆయన ఏమన్నా తలూపే ముగ్గురు స్నేహితులూ పూటంతా నవ్వుకున్నారు.

“ఏంట్రా, బండి చతికిలబడింది? పరువు తీస్తున్నావ్!” అన్నాడు అన్నగారు. ఆయనకు జన్మలో బండి లేదు. అందుకే బండ్ల గురించి ఏ సందేహమూ లేదు.

తమ్ముడికి రోషం పొడుచుకొచ్చింది. మర్నాడే అన్నను వెంటబెట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. మెకానిక్ బండి కింద దూరి, వెనక బరువు మోసే కమాను పట్టీల కట్టను తట్టి చూశాడు.

“ఇంకో పట్టీ వేస్తే చాలు సార్.”

“మూడు వేసెయ్,” అన్నాడు అన్నగారు, కూర మారు వడ్డించమన్నంత తేలిగ్గా.

“ఖాళీగా తోలితే ఎగిరెగిరి పడుతుంది.”

“బండన్నాక ఆ మాత్రం ఊపు ఉండాలి.”

“మీ ఇష్టం. బండి మీది, నడుమూ మీదే,” అని మెకానిక్ సంతోషంగా మూడూ బిగించాడు.

ఈ సంబరంలో ఒక చిన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ బండి సిమెంటు మోసింది ఆ ఒక్కరోజే. రోజూ మోసేది తమ్ముడి భార్య కొట్లో తయారయ్యే నిలువుటద్దాలను. మొదటి గుంతకే ఒక అద్దం రెండయింది. రెండో గుంతకు లెక్క తప్పింది.

“వ్యాపారం వృద్ధిలోకి వచ్చిందండీ. ఒకటి పంపితే పది చేరుతున్నాయి,” అందామె గాజుముక్కలు ఊడుస్తూ. తమ్ముడు చేట అందించాడు. పరువు కోసం వేయించిన పట్టీలను పీకిస్తే పరువు ఉంటుందా?

ఇంతలో కొత్త సెలూన్‌కు అద్దాలు పంపాల్సిన రోజు వచ్చింది. పట్టీలు తీయిద్దామంటే మెకానిక్ ఊళ్లో లేడు.

“వెనక బరువుంటే మెత్తగానే పోతుంది. అంత బరువు ఎక్కణ్ణించి తేను?” అని తమ్ముడు తల పట్టుకున్నాడు.

ఆమె టీ కొట్టు వైపు చూసింది.

“బావగారూ, మీరు వేయించిన పట్టీల మీద మీరే ఇంకా ఎక్కలేదు. స్నేహితులను కూడా రమ్మనండి. వెనక కూర్చుంటేనే కదా వాటి సత్తా తెలిసేది!”

బావగారు ఉబ్బిపోయి ఎక్కాడు. ఉన్న బొంతలన్నీ అద్దాల కిందా వెనకా పెట్టడానికే సరిపోయాయి. నలుగురూ వాటి మధ్య ఉత్త రేకు మీద కూర్చున్నారు. గుంత వచ్చినప్పుడల్లా అన్నగారు లేచేవాడు. అద్దాల్లోని అన్నగార్లందరూ ఆయనతో పాటే లేచి, ఆయనతో పాటే కూలబడేవారు. స్నేహితులు ఆయన ఏమీ అనకుండానే తలలూపారు.

అద్దాలు ఒక్క గీత పడకుండా చేరాయి. అన్నగారు నడుం పట్టుకుని దిగాడు.

“ఎలా ఉంది బావగారూ?” అందామె ముందు సీట్లోంచి దిగుతూ.

“గట్టిగానే ఉందమ్మా.”

“రేపు ఇంకో చోటికి వెళ్లాలి. మీరొస్తే...”

అన్నగారు గబుక్కున తమ్ముడి వైపు తిరిగాడు. “ఒరేయ్, ఆ మెకానిక్ ఎప్పుడొస్తాడు?”

తిరుగు ప్రయాణానికి నలుగురూ బస్సెక్కారు. ఖాళీ బండి మేకపిల్లలా గంతులేస్తోంది.

“అందరూ నవ్వుతుంటే తట్టుకోలేకపోయానే,” అన్నాడు తమ్ముడు భార్యతో.

“నన్నడిగితే నేనూ నవ్వేదాన్ని. కానీ ఒక్క పట్టీతో ఆపేదాన్ని,” అందామె.

మరో గుంత వచ్చింది. ఇద్దరి తలలూ ఒకేసారి పైకప్పును తాకాయి. ఇద్దరికీ నవ్వాగలేదు.