పట్టింపు లేని ఊరు

జీపు దిగిన మనిషిని చూడగానే బుచ్చవ్వకు ఒళ్లు మండింది. తెల్లటి పాంటు, కళ్లద్దాలు, చంకలో కాగితాల కట్ట. ఇట్లాంటి వాళ్లు ఊళ్లోకి వస్తే ఎవరో ఒకరి కొంప మునుగుతుందని ఆమెకు అనుభవం. కొన్నేళ్ల కింద ఇట్లాంటివాడే ఒకడు వచ్చి, ఆమె మోచేతి కింది మచ్చను గుండుసూదితో గుచ్చి, నొప్పి తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తలేదని చెప్పింది. నిజం చెప్పినందుకు దక్కిన బహుమానం ఏమిటంటే, ఊరు ఊరంతా ఆమెను వెలేసింది.

కుష్టు అన్నారు, పెద్దరోగమన్నారు. ఎక్కడో దూరాన ఉన్న దవాఖానలో పడేసి వచ్చారు. అక్కడ ఏళ్ల తరబడి గోలీలు మింగింది. ఎడమ చేతి రెండు వేళ్లు వంకరపోయి అట్లాగే మిగిలాయి గాని రోగం మాత్రం పోయింది. నీ వల్ల ఇక ఎవరికీ ఏమీ కాదు, ఇంటికి పో అన్నాడు డాక్టరు. ఏ ఇంటికి? మొగుడు చచ్చిపోయిన కబురే ఆమెకు కర్మలన్నీ అయిపోయాక అందింది. ఇంట్లో మరిది చేరి తలుపేసుకున్నాడు. సుల్తానాబాదుకు రెండు కోసుల దూరంలోని ఆ ఊళ్లో, పొలాల చివర గుడిసె వేసుకుని, కోతలయ్యాక రాలిన కంకులు ఏరుకుని బతుకుతోంది. రాలిన గింజలు ఏరుకోవడానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు గదా.

ఆమెకు కావలసింది ఒక్కటే. కనకవ్వ గుంపులో కలిసి మళ్లీ నాటుకు పోవాలి. కనకవ్వ, ఆమె ఒకే ఏడు కాపురానికి వచ్చారు. ఒకప్పుడు జనార్దన్‌రావు దొర పొలంలో ఇద్దరూ పక్కపక్కన మునుం పట్టి వరసగా నాట్లేస్తుంటే మిగతా ఆడవాళ్లు వెనకపడి తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు కనకవ్వ ఆ గుంపుకు పెద్ద. ఎవరిని పిలవాలో, ఎవరిని మానిపించాలో ఆమె చేతిలోనే ఉంది. రెండు వానకాలాలు బుచ్చవ్వ పోయి అడిగింది. రెండుసార్లూ కనకవ్వ ఒకే మాట చెప్పింది.

"నాకేం పట్టింపు లేదే బుచ్చవ్వా. నలుగురు ఏమంటరోనని."

ఆ నలుగురూ ఎవరో బుచ్చవ్వకు ఇప్పటిదాకా దొరకలేదు.

జీపాయన పేరు వాసుదేవమూర్తి. హైదరాబాదులో పెద్ద చదువు చదువుతున్నాడట. రోగాల గురించి జనం ఏమనుకుంటారో, ఒకరిని చూసి ఒకరు ఎట్లా నడుచుకుంటారో తెలుసుకోవడం ఆయన పని. దొర గడీలో దిగాడు. మర్నాడు చావడి ముందు కుర్చీ వేయించుకుని, ఇంటికొకరిని పిలిచి అడిగాడు. రోగం నయమై వచ్చిన మనిషి చేతి నీళ్లు తాగుతారా? పక్కన కూర్చుంటారా? పనిలో కలుపుకుంటారా?

అక్కడే మొదలైంది తమాషా. అంతకు ముందు రోజే దొర కబుర్లు మోసే మస్కూరి లచ్చయ్య ఊళ్లో పుకారు పుట్టించాడు. "గా జీపు పెద్దరోగం దవాఖానదే. పట్టింపు ఉన్నదన్నోళ్ల ఇండ్లల్లనే మచ్చలు ఎతుకుతరట. బట్టలిప్పి సూదులు గుచ్చుతరట." ఇంకేముంది? ఊరందరికీ ఒక్కసారిగా ధర్మబుద్ధి పుట్టుకొచ్చింది. మొదటివాడు, "తాగుతం సారు, మాకేం పట్టింపు?" అన్నాడు. నలుగురితో నారాయణ, గుంపుతో గోవిందా. చివరి మనిషి దాకా అదే పాట. బుచ్చవ్వకు తలుపేసిన మరిది కూడా, "మా వదినె దేవతసొంటిది సారు" అన్నాడు. వాడి నోట్లో పురుగులు పడ!

మర్నాడు సారు బుచ్చవ్వ గుడిసెకు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, ఎన్నో ఊళ్లు తిరిగాను. మీ ఊరు లాంటిది చూడలేదు. మీ చేతి నీళ్లు తాగడానికి ఒక్కరికీ అభ్యంతరం లేదు."

బుచ్చవ్వ లోపలికి పోయి చెంబెడు నీళ్లు తెచ్చి ఆయన మొహం ముందు పెట్టింది. "తాగు సారూ."

తాగడనుకుంది. తాగకపోతే తిట్టడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని, చెంబు చేతికిచ్చాడు. బుచ్చవ్వకు ఇంకా కోపం వచ్చింది. ఆయనకేం, రేపు జీపెక్కి పోతాడు. ఆయన తాగితే ఆమెకు ఒరిగేదేముంది?

"గీ ఊర్ల నాకు ఒక్కలు చెంబెడు నీళ్లు పొయ్యరు. నా చేతియి తాగుతరట! నీకు చెప్పినోళ్లు చెప్పిండ్రు, నువ్వు నమ్మినవు?"

సారు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "నాకూ ఒకటి అర్థం కాలేదమ్మా. మీరు తాగుతారు సరే, మీ ఊళ్లో మిగతావాళ్లు తాగుతారా అని కూడా అడిగాను. ప్రతి మనిషీ ఒకే మాట చెప్పాడు. నేను తాగుతా, మిగతావాళ్లు తాగరు, అని. అందరూ తాగేవాళ్లే అయితే ఆ తాగనివాళ్లు ఎవరు?"

ఆయన పోయాక ఆ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు. తెల్లవారి లేచి కొంగు నడుముకు చుట్టి, దొర పెద్దమడికి పోయింది. పుసాల కార్తె వానలు పడుతున్నాయి. కనకవ్వ గుంపు వంగి నాటేస్తోంది. ఆమె ఒడ్డు మీద నిలబడి, ఈ చివరనున్న రామవ్వను పిలిచింది.

"రామవ్వా, మొన్న సారుకు ఏం జెప్పినవు? నేను పనిల కలిస్తె నీకు పట్టింపా?"

"అయ్యో, నాకేందే? గా లస్మవ్వనే జర..."

లస్మవ్వను అడిగింది. "నేనెప్పుడన్ననే? ముసల్ది యాదవ్వకే భయం."

యాదవ్వను అడిగింది. "నాకేం భయమే, రేపో మాపో పొయ్యేదాన్ని. గుంపు కనకవ్వది. కనకవ్వ ఎట్లంటె అట్ల."

కనకవ్వ నడుం ఎత్తకుండానే జవాబిచ్చింది. "నాకేం లేదని ఎన్నిసార్లు చెప్పాలె? రామవ్వ కోడలు కడుపుతోటున్నది. రామవ్వ ఒప్పుకోదు."

తిలా పాపం తలా పిడికెడు. తిరిగి తిరిగి మాట రామవ్వ దగ్గరికే వచ్చింది. రామవ్వ తల వంచుకుని నారు కట్ట విప్పుతోంది. బుచ్చవ్వకు అప్పుడు వచ్చిన కోపం రోగం వచ్చిన నాడు కూడా రాలేదు. వీళ్లలో ఒక్కతైనా మొహం మీద, నువ్వంటే నాకు అసహ్యం, అని అంటే పడి ఉండేది. తన బతుకు మీద మన్ను పోసింది ఎవరో కూడా తెలియకపోతే ఎవరిని తిట్టాలి?

"అయితే ఎవ్వరికి పట్టింపు లేదు," అని గట్టిగా అని, ఒడ్డు మీది నారు కట్ట ఒకటి అందుకుని మడిలోకి దిగింది.

పక్కనున్న రామవ్వకు ఉన్నట్టుండి నడుం నొచ్చింది. ఒడ్డెక్కింది. లస్మవ్వకు దాహమైంది. ఒకతెకు కాలిలో ముల్లు విరిగింది, ఇంకొకతెకు తంబాకు గుర్తొచ్చింది. చూస్తుండగానే మడి ఖాళీ అయింది. అందరి కంటే వెనక కనకవ్వ కూడా, వీళ్లను పిలుచుకొస్తానన్నట్టు ఎక్కి, ఎక్కినదల్లా అక్కడే నిలబడిపోయింది. బుచ్చవ్వ తలెత్తలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, వీళ్ల ముందు తుడుచుకోవడం చావుతో సమానం. వంకర వేళ్ల మధ్య నారు ఇరికించుకుని, కుడిచేత్తో ఒక్కొక్క పిలక బురదలో గుచ్చుకుంటూ పోయింది.

దొర జీతగాడు కొండల్ ఉరికొచ్చాడు.

"ఏందవ్వ గిది? పీకిన నారు పీకినట్టే ఉన్నది! పొద్దుగూకెవరకు మడి నాటకపోతె రేపటి సంది పక్కూరి గుంపును పిలుస్తమన్నడు దొర. ఇయ్యాల కూలి సుతం లేదు."

ఒడ్డు మీద అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కనకవ్వ పెదవులు కదిలాయి.

"నేను దిగుత," అంది నెమ్మదిగా. "నేను దిగినంక మీరు దిగకపోతె?"

అన్ని రోజుల్లో ఆమె నోటి నుంచి వచ్చిన నిజం అదొక్కటే. ముసలి యాదవ్వ విసుక్కుంటూ చీర ఎగ్గట్టింది.

"మీ పంచాయితి కూలగొట్ట! నా కూలి ఎవలిస్తరే, మీరిస్తరా?" అని బురదలోకి దిగి బుచ్చవ్వ పక్కనే వంగింది.

అంతే. ముసలిదే దిగినాక ఒడ్డు మీద నిలబడడం సిగ్గు. రామవ్వ నడుం నొప్పి మాయమైంది. లస్మవ్వ దాహం తీరిపోయింది. కాలిలో విరిగిన ముల్లు కూడా ఎటో పోయింది. ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. కనకవ్వ అందరి కంటే వెనక దిగింది. పక్కపక్కన భుజాలు తగిలాయి, ఒకే బురద అందరి మోకాళ్లకూ అంటింది. ఎవరి మీదా పిడుగు పడలేదు. ఎవరూ క్షమించమని కూడా అడగలేదు.

మధ్యాహ్నం సద్దులకు ఒడ్డెక్కారు. అందరూ గుండ్రంగా కూర్చుని మూటలు విప్పారు. బుచ్చవ్వ సద్ది తెచ్చుకోలేదు. దూరంగా నిలబడింది. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. పొద్దున్న ఒడ్డెక్కిన వాళ్లే ఇప్పుడు మంచితనంలో ఒకరిని మించి ఒకరు పోటీ పడుతున్నారు. రామవ్వ జరిగి చోటిచ్చింది. లస్మవ్వ జొన్నరొట్టె తుంచింది. కనకవ్వ చెంబు నిండా నీళ్లు పట్టుకుని లేచి వచ్చింది.

"దా బుచ్చవ్వా, మాతోటి కూసో. నీళ్లు తాగు."

గుంపంతా చూస్తోంది. బుచ్చవ్వ ఆ చెంబును చూసింది. ఆమెకు నోరెండిపోతోంది, తాగాలనే ఉంది. దవాఖాన నుంచి వచ్చిన నాడు ఇదే కనకవ్వ వాకిట్లో దాహమని అడిగితే తలుపు సందులో నుంచే మాట వచ్చింది గాని నీళ్లు రాలేదు. ఊరు ఊరంతటినీ బుచ్చవ్వ చేతి నీళ్లు తాగుతారా అని అడిగిన సారు, వాళ్ల చేతి నీళ్లు నువ్వు తాగుతావా అని ఆమెను అడగనే లేదు.

"నాకేం పట్టింపు లేదు కనకవ్వా," అంది. "నలుగురు ఏమంటరోనని."

చెంబు పట్టుకున్న చేయి అట్లాగే ఉండిపోయింది. బుచ్చవ్వ కాలువ దగ్గరికి పోయి, వంకర వేళ్ల దోసిలితో కడుపు నిండా నీళ్లు తాగి, అందరి కంటే ముందు మడిలోకి దిగింది.