తాడేపల్లి ఇంటి గుర్తులు

మిరపకల్లంలో పనిచేస్తున్న ఇమ్మానియేలు జేబులోంచి ఫోను లాక్కున్నాడు ఎస్సై. కాగితం రాయలేదు, సంతకం తీసుకోలేదు. వెంకయ్య పొలంలో ఆయిలింజను పోయిందని కేసు. అక్కడే నిలబడి మెసేజీలన్నీ నొక్కి నొక్కి చదివి, మనిషిని జీపెక్కించాడు.

ఇంజను సంగతి ఇమ్మానియేలుకు తెలియనే తెలియదు. కానీ ఆ ఫోనులో అతని భార్య దేవకుమారి పంపిన మెసేజీ ఒకటుంది. ఆమె చెల్లెలు స్తుతి, వెంకయ్య కొడుకు త్రినాథ్ రిజిస్టరు పెళ్ళి చేసుకుని, వెంకయ్యకు దొరక్కుండా తాడేపల్లిలో దాక్కున్నారు. ఆ ఇంటి గుర్తులన్నీ అందులోనే ఉన్నాయి.

బెయిలు విచారణ రోజు కోర్టులో వెంకయ్య, అతని మనుషులు వెనక బెంచీ నిండా కూర్చున్నారు. ప్రభుత్వ ప్లీడరు కొన్ని కాగితాలతో లేచి, "ఫోనులో దొరికిన మెసేజీలు చదివి వినిపిస్తానండి," అన్నాడు.

దేవకుమారి తమ లాయరు గౌస్ బాషా వైపు చూసింది. ఎన్నిసార్లు చేసినా స్తుతి ఫోను ఎత్తకపోవడంతో పొద్దున్నే ఆయనకు అంతా చెప్పింది.

"చదవకూడదండి," అంటూ లేచారాయన. "సోదాకి వారెంటు లేదు. ఎందుకు చేశారో ఒక్క ముక్క రాసుకోలేదు. రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణంలో ఇచ్చిన స్వేచ్ఛ, ఫోను జేబులో పెట్టుకున్న పాపానికి పోతుందా అండీ?"

"సోదాలో లోపమున్నా సాక్ష్యం చెల్లుతుందండి. పెద్ద కోర్టులే చెప్పాయి," అన్నాడు ప్లీడరు.

"ఇంజనుకీ వీటికీ ఏమిటి సంబంధం?" అడిగారు మెజిస్ట్రేటు. ప్లీడరు కాగితాలు తిరగేశాడు.

"పైకి చదవొద్దు. ఆ కాగితాలు ఇటివ్వండి," అన్నారు మెజిస్ట్రేటు.

ఆయన వాటిని మనసులోనే చదువుకున్నారు. చివరికి ఫోనుకూ కాగితాలకూ సీలు వేయమన్నారు, సోదా చెల్లేదీ లేనిదీ తర్వాత తేలుస్తామన్నారు, బెయిలిచ్చారు.

వరండాలోకి వచ్చేసరికి, ఆ గుర్తులు ఎవరి ఇంటివో అప్పుడే తట్టినట్టు, వెంకయ్య చెవిలో ఎస్సై ఏదో చెబుతున్నాడు. కాగితాలకు సీలు వేశారు సరే, అతను చదివిందానికి ఎవరు వేస్తారు? ఆమె ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తింది. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి స్తుతి పలికింది.

"ఏంటక్కా?"

"ఇప్పుడే బయల్దేరండి. కట్టుబట్టలతో బస్సెక్కెయ్యండే. ఎక్కడికో నాక్కూడా చెప్పొద్దు."

మధ్యాహ్నానికి వెంకయ్య మనుషులు వెళ్ళి చూస్తే ఆ ఇంటికి తాళం ఉంది. పదకొండు రోజుల తర్వాత ఎవరి ఫోను నుంచో స్తుతి, "బాగున్నామక్కా," అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఇంజను కేసు మూడు నెలల్లో కొట్టేశారు. సోదా రాజ్యాంగవిరుద్ధమంటూ గౌస్ బాషా హైకోర్టులో వేసిన పిటిషను మాత్రం రెండేళ్ళు వాయిదాల మీద నడిచింది. కేసే లేదు కనక ఇక తేల్చాల్సింది లేదని ఒక సోమవారం మూసేశారు. ఆ సోదా తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేదు.