లూర్దుకి పద్నాలుగో ఏడు

మనిషి పోతే నలుగురూ వచ్చి కూర్చుంటారు. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం పోతే ఎవరొస్తారండీ? పైగా నవ్వుతారు. రామతులసిని చూసి నవ్వారు కూడా.

రామతులసి విజయవాడ గవర్నరుపేటలో, వెంకటసుబ్బారావు గారి కలర్ ల్యాబులో పనిచేసేది. మొదట్లో నెగెటివుల మీద పెన్సిలుతో మచ్చలు దిద్దేది. తొంభై ఎనిమిదిలో ల్యాబుకి కంప్యూటరొచ్చాక దాని ముందు కూర్చుంది. ఆవిడ చేతికొచ్చేదంతా పోయినవాళ్ళ పనే. ఏ పెళ్ళి గ్రూపు ఫోటోలోంచో తాతగారొక్కరినీ విడదీసి, మూసుకున్న కళ్ళు తెరిపించి, ఒంటి మీద చొక్కా లేకపోతే చొక్కా తొడిగి, గోడకి తగిలించి దండ వేసుకునేలా తయారుచేసి ఇవ్వాలి. ఫోటో చేయించుకునేవాళ్ళని ల్యాబులో పార్టీ అంటారు. ప్రతి కవరు మీదా, కంప్యూటర్లో ప్రతి ఫైలుకీ పార్టీ పేరే ఉంటుంది. అన్నేళ్ళలో అన్ని కవర్ల మీద అందరి పేర్లూ రాసిన మనిషికి, తన పేరు రాసుకునే అవసరం ఒక్కసారీ రాలేదు.

ఎలా వస్తుంది? మొగుడు ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ. పిల్లలు పుట్టలేదని మైలవరంలో ఇంకో కాపురం పెట్టాడు మహానుభావుడు. కొన్నాళ్ళు వారానికోసారి వచ్చేవాడు, తర్వాత పండక్కీ పబ్బానికీ, ఆ తర్వాత అదీ లేదు. సత్యనారాయణపురంలో ఒక గది, ఒక స్టవ్వు, గోడకి క్యాలెండరు. సాయంత్రం ఇంటికెళ్ళి తాళం తీస్తే, పొద్దున పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉండేది. ఆ గ్లాసుని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది.

ఇక ఆ ప్రోగ్రాం సంగతి. స్కానరు కొంటే దాంతోపాటు ఊరికే ఇచ్చారు. అసలు పేరుకి ఎవరికీ నోరు తిరిగేది కాదు. దాని గుర్తు మీద ఆకుపచ్చ చిలక బొమ్మ ఉండేది గనక ల్యాబులో అందరూ దాన్ని చిలకే అన్నారు. అందులో బొటనవేలి గుర్తొకటి ఉండేది. దాన్ని బుగ్గ మీద పెట్టి లాగితే చపాతీ పిండిలా మెత్తగా సాగేది. ఎక్కడ ఆపాలో రామతులసి చేతికి తెలుసు. ఫోటో చుట్టూ తెరంతా కారు నలుపు. ఆ నల్లటి గాజులో, ఫోటోలోని మొహం పక్కనే, పనిచేసేవాళ్ళ మొహం కూడా మసగ్గా కనబడుతూ ఉండేది.

చిలక వచ్చిన ఏడాదే అమలమ్మ వచ్చింది. గుణదలలో సిస్టర్ల హాస్టల్లో వంట చేసేది. ఆరేళ్ళ కూతురు లూర్దుమేరి మెదడువాపు జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్ళు. నవంబరులో సమాధుల పండుగకి క్రైస్తవులంతా సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ రోజు కూతురి సమాధి మీద పెట్టడానికి బడి ఫోటో పెద్దది చేయించాలని తెచ్చింది. కవరిస్తూ, ఉంటే ఈపాటికి ఎనిమిదేళ్ళొచ్చేవండీ, ఎలా ఉండేదో ఏమో, అంది. అన్నదంతే. రామతులసి ఆ మాట పట్టుకుంది. కొత్తగా వచ్చిన బొటనవేలితో బుగ్గలు కాస్త తగ్గించింది, మెడ సాగదీసింది, ఊడిన పన్ను చోట పన్ను పెట్టింది. రెండేళ్ళు పెరిగిన లూర్దుని చూసి అమలమ్మ ఆ కొత్త పన్ను మీద వేలు పెట్టి తడిమింది. ఆ ఏడు సమాధి మీద ఎనిమిదేళ్ళ పిల్ల ఫోటో పెట్టారు.

అప్పట్నుంచీ అదొక ఆనవాయితీ అయింది. దసరా వెళ్ళగానే అమలమ్మ వచ్చేది, రామతులసి పిల్లని ఒక ఏడు పెంచేది. ఏడాది పొడుగునా సిటీ బస్సుల్లో, ట్యూషన్ల దగ్గర, ఆ వయసు ఆడపిల్లల్ని తేరిపార చూసేది. ఏ ఏట గడ్డం కోలదేరుతుంది, ఏ ఏట ముక్కు నిలబడుతుంది, అన్నీ చూసి పెట్టుకునేది. పని లేని మధ్యాహ్నాలు చిలక తెరిచి లూర్దుని కూర్చోబెట్టుకునేది. ఏమే, ఆ జుట్టేమిటే, దువ్వుకోవా, అని గొణిగేది. పిచ్చంటారా? అనండి. లోకంలో ఆవిడ కసురుకోవడానికి ఉన్నది ఆ పిల్లొక్కతే.

రెండువేల నాలుగులో, దసరాలకి ముందు, వెంకటసుబ్బారావు గారు కొత్త ప్రింటింగు మిషను తెచ్చారు. దానికి పాత విండోస్ పనికిరాదట. ఆదివారం రామతులసి లేనప్పుడు, కంప్యూటర్లు బాగుచేసే సాయిగణేష్ వచ్చి పాతదంతా తుడిచేసి కొత్తది ఎక్కించి వెళ్ళాడు. సోమవారం పొద్దున ఆవిడ వచ్చి చూస్తే తెర మీద పచ్చిక, నీలం ఆకాశం. చిలక లేదు.

ఆవిడ అడిగితే సాయిగణేష్ మళ్ళీ వచ్చాడు. మర్యాదస్తుడే. ఫైళ్ళన్నీ సీడీలో భద్రంగా ఎక్కించానన్నాడు, చూపించాడు కూడా. లూర్దు పేరు కనబడింది. దాని పక్కన బొమ్మ ఉండాల్సిన చోట తెల్ల కాయితం గుర్తు. నొక్కితే, దీన్ని దేంతో తెరవాలో తెలియదని చెప్పింది కంప్యూటరు.

"ఆ ఫైళ్ళు చిలక తప్ప ఇంకేదీ తెరవలేదు మేడం. ఆ కంపెనీయే ఎత్తేశారు. కొత్త ప్రోగ్రాం వేశాగా, ఇందులో రానిదంటూ లేదు."

పాత సీడీ ఉంటే ఏదైనా పాత కంప్యూటర్లో ఎక్కించి చూడొచ్చని మాత్రం అన్నాడు. సీడీ ఎక్కడుందో రామతులసికి తెలుసు. పూజ అరలో ఉంది. వెంకటసుబ్బారావు గారు ప్రతి ఆయుధపూజకీ కెమెరాలతో పాటు ఆ సీడీకీ పసుపు రాసి, గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టేవారు. ఒకవైపు అక్షరాలు అచ్చేసి ఉన్నాయని, అద్దంలా మెరిసే వైపే బొట్లు పెట్టేవారు, పాపం, భక్తి కొద్దీ. తీసి చూస్తే ఏళ్ళ తరబడి గంధం పెచ్చుకట్టి ఉంది. రామతులసి కొబ్బరినూనెతో తుడిచింది, స్పిరిటుతో తుడిచింది, చీర కొంగుతో తుడిచింది. మిషను దాన్ని లోపలికి తీసుకుని, గిర్రున తిప్పి, బయటికి నెట్టేసింది. మళ్ళీ పెట్టినా అంతే.

"పోనిద్దూ అమ్మా, చిలక పంజరం వదిలి ఎగిరిపోయిందనుకో," అని వెంకటసుబ్బారావు గారు నవ్వారు. ల్యాబులో మిగతావాళ్ళూ నవ్వారు. రామతులసి కూడా నవ్వి, వెనక గదిలోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పదమూడో ఏటి దాకా పెంచిన పిల్ల ఆ తెల్ల కాయితం వెనక ఉండిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా తలుపు తియ్యదు.

ఇప్పుడు అమలమ్మ వస్తే ఏం చెప్పాలి? దసరా వెళ్ళింది, సమాధుల పండుగ దగ్గరికొచ్చింది. ఎప్పుడూ లేనిది అమలమ్మ రాలేదు. మొదట్లో రామతులసికి ప్రాణం కుదుటపడింది. నాలుగు రోజులు పోయాక భయం పట్టుకుంది. చివరికి ఒక దారి తోచింది. ప్రతి ఏడూ ఇచ్చిన ఫోటోలు అమలమ్మ దగ్గర ఉంటాయి కదా. పోయినేటి ఫోటో తెచ్చి స్కాన్ చేసుకుంటే, కొత్త దాంట్లోనైనా కిందామీదా పడి పద్నాలుగో ఏడు తెప్పించొచ్చు. ఆ ఆదివారమే బస్సెక్కి గుణదల వెళ్ళింది.

కొండ కింద రేకుల ఇల్లు. అమలమ్మ ఆవిణ్ణి గుమ్మంలో చూసి కంగారుపడింది. రండి రండి అంటూ కుర్చీ దులిపి వేసింది. రామతులసి కూర్చోకుండా గోడ వంకే చూసింది. మేరీమాత పటం పక్కన వరసగా లూర్దు ఫోటోలు. ఆరేళ్ళది, ఎనిమిదేళ్ళది, తొమ్మిది, పది. అక్కడితో వరస ఆగిపోయింది. మూడు ఫోటోలు లేవు.

చిలక పోయిన సంగతి చెప్పి, మిగతావి ఎక్కడున్నాయని అడిగింది. ఒక్క పూట ఇస్తే చాలు, మళ్ళీ మొదలుపెడతానంది. అమలమ్మ మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగి, తువ్వాల్లో చుట్టి దాచిన మూడు ఫోటోలూ తీసింది.

"కోపం తెచ్చుకోకండి తులసి గారూ. గోడ మీదున్నవి మా లూర్దేనండీ. పదకొండో ఏటిది చూశాక, ఈ పిల్లెవరా అనిపించింది. ఈ గడ్డం మాది కాదు. నవ్వితే ఒక పక్కకి పోయే ఈ పెదవి మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆ రోజు మీరు నాకు మంచినీళ్ళిస్తూ నవ్వారు. అప్పుడు తెలిసిందండీ."

రామతులసి ఫోటోల్లోకి చూసింది. తలుపు పక్కన మేకుకి వేలాడుతున్న అద్దంలోకి చూసింది. మళ్ళీ ఫోటోలోకి చూసింది. తను బస్సుల్లో చూసి పెట్టుకున్న ఆడపిల్లలెవరూ అందులో లేరు. చిలక నల్లటి తెరలో ఇన్నాళ్ళూ పక్కన కూర్చున్న మొహం ఉంది. ఆవిడకి తల ఎత్తబుద్ధి కాలేదు. ఒక తల్లి పిల్లని ఆ తల్లికి తెలియకుండా ఎత్తుకొచ్చినట్టనిపించి సిగ్గుతో చచ్చిపోయింది.

"మరి ఆ తర్వాత రెండేళ్ళూ ఎందుకు చేయించుకున్నారండీ?" అని అడగగలిగింది చివరికి.

"మీరు ఎదురుచూస్తుంటారని," అంది అమలమ్మ. "కవరు నా చేతికిచ్చేటప్పుడు మీ మొహం చూసేదాన్నండీ. ఎలా మానెయ్యను?"

ఈ ఏడు మనసు గట్టి చేసుకుని రాలేదట. సమాధిలో ఉన్నది ఆరేళ్ళ పిల్ల, దాని ఫోటోయే పెట్టుకుంటానని చెప్పింది. పెంచమన్నది తనే గనక తప్పు తనదేనంది. ఆ మూడు ఫోటోలూ తువ్వాలుతో సహా రామతులసి చేతిలో పెట్టింది. ఈ అమ్మాయి మీ అమ్మాయేనండీ, పెట్టెలో మూసిపెట్టడానికి నాకు మనసొప్పట్లేదు, తీసుకెళ్ళండి, అంది. కాఫీ తాగి వెళ్ళమంది. రామతులసి తాగింది. చిలక బతికి ఉన్నా ఈ ఏడు తనని పిల్లని పెంచమని అడిగేవాళ్ళు లేరన్నమాట. ఆ మాట బస్సులో గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు ల్యాబులో పని తెమిలాక, పదమూడేళ్ళ పిల్ల ఫోటో స్కానరు మీద పెట్టింది. కొత్త ప్రోగ్రాంలో బొమ్మ చక్కగా వచ్చింది. చుట్టూ నలుపు లేదు, తెల్లబారిన బూడిదరంగు. దాంట్లో ఎవరి మొహమూ కనబడదు. గడ్డం దగ్గర పట్టి కాస్త లాగి చూసింది. పిల్ల మొహం వంకరపోయింది. గభాలున వెనక్కి తెచ్చేసి చెయ్యి తీసేసింది. ఇక పెంచే పని లేదు, పదమూడు దగ్గరే ఉండనీ అనుకుంది. పోనీ ఇలాగైనా దాచుకుందామని నొక్కితే, పేరు చెప్పమంది ప్రోగ్రాం. లూర్దు అని కొట్టబోయి ఆగిపోయింది. ఆ పేరు గుణదలలో గోడ మీదున్న పిల్లది. ఈ పిల్లకి పేరు పెట్టిన వాళ్ళెవరూ లేరు.

వెంకటసుబ్బారావు గారు కౌంటరు మూసి అటుగా వచ్చారు. తెర మీద ఫోటో చూసి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఎవరమ్మా పార్టీ?"

రామతులసి పేరు అడుగుతున్న గడిలో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ తన పేరు కొట్టింది.

"నేనేనండీ," అంది.