తొంభై రెండో కోత

పేకాట యాప్‌కి కళ్ళద్దాల షాపాయన ఇచ్చింది ఒకే ఒక్క నక్షత్రం. అది కూడా, ఒక్కటైనా ఇవ్వకపోతే అభిప్రాయం పంపనివ్వరు కాబట్టి ఇచ్చాడు. దాని కింద ఇలా రాశాడు:

“మోసం. పచ్చి మోసం. నాకిచ్చిన కంప్యూటర్ పార్ట్‌నర్‌కి బుర్ర లేదు. మంచి ముక్కలన్నీ అవతలి జంటకే పంచుతున్నారు. ముప్ఫై ఏళ్ళుగా పేకాడుతున్నవాణ్ణి, నాకు తెలియదా? నా చివరి రెండు వందల ఆటలు తీసి చూసుకోండి, మీకే సిగ్గేస్తుంది. ఎవరూ ఈ ఆట దించుకోవద్దు. దించుకున్నవాళ్ళు తీసెయ్యండి.”

రాసింది రెండుసార్లు చదువుకున్నాడు. ‘మీకే సిగ్గేస్తుంది’ దగ్గర కాస్త ఆగి, తన తల తనే పంకించుకున్నాడు. ఇంత బాగా రాయగలిగినవాణ్ణి అద్దాలు అరగదీస్తూ కూర్చున్నానే అనిపించింది.

ఆట తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్పాలి. నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జంట. ఒకరు ముక్క వేస్తే మిగతా ముగ్గురూ ఆ రంగు ముక్కే వెయ్యాలి. నాలుగింట్లో పెద్దది వేసినవాళ్ళకి ఆ పట్టు. ఆ రంగు చేతిలో లేకపోతే పనికిరాని ముక్క పారెయ్యొచ్చు, లేదా తురుపుతో, అంటే ఆ ఆటకి పైచెయ్యిగా పెట్టుకున్న రంగు ముక్కతో, కొయ్యొచ్చు. తురుపులో రెండైనా సరే, వేరే రంగు ఆసుని మింగేస్తుంది. అయితే ఓనమాలు నేర్చుకునేవాడికి కూడా మొదటిరోజే చెప్పే సంగతి ఒకటుంది. మన పార్ట్‌నర్ ఆసు వేసి పట్టు గెలుస్తుంటే, అవతలివాడు కోస్తాడన్న అనుమానం గట్టిగా ఉంటే తప్ప, మన తురుపు దాని మీద తగలేసుకోకూడదు. ఆ పట్టు ఎలాగూ మనదే. మన జేబు మనమే కొట్టుకోవడం ఎందుకు?

ఇది ఆయనకి తెలుసు. ఎవరడిగినా, అడక్కపోయినా, చక్కగా విడమరిచి చెప్తాడు కూడా.

ఆయన ఫోనులో పేకాడడానికి ఒక కారణం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పార్ట్‌నర్ సొంత బావమరిది, భార్యకి తమ్ముడు. లిఫ్టుల మెకానిక్. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పనిముట్ల సంచి భుజాన వేసుకుని అక్క ఇంటికొచ్చి, సాయంత్రం దాకా బావ ఎదురుగా కూర్చునేవాడు. కిందింటి దంపతులు అవతలి జంట. గెలిచినప్పుడల్లా ఈయన లేచి బావమరిది వీపు మీద ఒక్కటి చరిచేవాడు. ఆ దెబ్బకి అతని చేతిలో టీ ఒలికేది. ఆ చొక్కాల మరకలన్నీ అక్కే ఉతికి పెట్టింది.

పద్నాలుగు నెలల కిందట వర్తకుల సంఘం పేకాట పోటీ జరిగింది. బహుమతి ఒక గోడగడియారం. ఆఖరి ఆటలో బావమరిది ఆసు వేశాడు. అవతలి ఇద్దరి చేతుల్లోనూ ఆ రంగు ఉంది. ఈయన చేతిలో ఆ రంగు లేదు. ఒకే ఒక్క తురుపు ఉంది. అది కాస్తా ఆ ఆసు మీద టేబులు అదిరేలా వేశాడు. తరవాతి రెండు పట్లూ అవతలివాళ్ళు తాపీగా ఏరుకున్నారు. వాటిలో ఒకదాన్ని ఆపడానికి ఆ తురుపే కావాల్సింది.

“నా ఆసుని కోశారేంటి బావగారూ?” అన్నాడు బావమరిది, నెమ్మదిగానే.

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకుంటే ఆయన ఆయనెందుకవుతాడు? “నువ్వు వెయ్యాల్సిన రంగు అది కాదు. మీటలు నొక్కి జనాన్ని పైకీ కిందకీ తిప్పడం తప్ప నీకు పేకేం తెలుసు?” అన్నాడు, నలభై మంది వింటుండగా.

బావమరిది ముక్కలు బోర్లించి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ అక్క ఇంటి గడప తొక్కలేదు. అక్కే వెళ్ళి చూసొస్తుంది. ఈయన మాత్రం షాపుకొచ్చిన ప్రతివాడికీ కళ్ళు పరీక్షిస్తూ ఆ కథ చెప్పాడు. గోడ మీది అక్షరాలు చదవమంటూనే, ఏ రంగు వెయ్యాలో తెలియని బావమరిది వల్ల గడియారం ఎలా పోయిందో వివరించాడు. కదిలితే అద్దం జారిపోతుందని పాపం అందరూ విన్నారు.

ఆదివారాలు మాత్రం గడవలేదు. ఆ ఎదుటి కుర్చీ చూస్తే ప్రాణం ఉసూరుమనేది. అది ఎవరికి చెప్పుకుంటాడు? ఫోనులో ఆట దించుకున్నాడు.

ఇప్పుడు మళ్ళీ సంఘం పోటీ వచ్చింది. వచ్చే శనివారమే. సోమవారం పొద్దున భార్య షాపు ముందు గదిలో గల్లా దగ్గర ఫ్రేములు తుడుస్తూ అంది, “ఈసారి ఎవరితో ఆడతారు?”

“చూద్దాం.”

“వాడు కాక ఇంకెవరున్నారు మీకు? ఒక్క ఫోను చేస్తే మీ సొమ్మేం పోయింది?”

“తప్పు చేసినవాడే చెయ్యాలి ఫోను,” అని వెనక గదిలోకి పోయాడు. పోయి, చెప్పొద్దూ, ఫోను తీసి బావమరిది నంబరు దాకా వెళ్ళాడు. ‘హలో’ అని ఉత్తినే రెండుసార్లు అని చూసుకున్నాడు. రెండోసారి గొంతు కీచుగా వచ్చింది. ఆ పని మానేసి, తన అభిప్రాయాన్ని ఎంతమంది మెచ్చుకున్నారో చూద్దామని యాప్ తెరిచాడు.

దాని కింద కంపెనీవాళ్ళ జవాబు ఉంది.

“నమస్కారం సార్. మీరు కోరినట్టే మీ చివరి రెండు వందల ఆటలు పరిశీలించాం. ముక్కలు పంచడంలో తేడా ఏమీ లేదు. మీ పార్ట్‌నర్ గెలుస్తున్న పట్టుని మీరు అవసరం లేకుండా తురుపుతో కోసిన సందర్భాలు: తొంభై ఒకటి. ‘పాత ఆటలు’ మీట నొక్కి మీరే చూసుకోవచ్చు. ధన్యవాదాలు.”

ఈ అభిప్రాయం మూడు వందల పన్నెండు మందికి ఉపయోగపడిందని పక్కనే లెక్క. తల కొట్టేసినట్టయింది. అదీ మారుపేరుతో రాసినా బాగుండేది. షాపు పేరుతో, షాపు బోర్డు ఫొటోతో రాసి చచ్చాడు.

వాళ్ళ మాట అబద్ధమని రుజువు చెయ్యడానికే ‘పాత ఆటలు’ నొక్కాడు. నలుగురి ముక్కలూ వెల్లకిలా పరిచి, ఆట మొదటినుంచీ నడిచింది. పార్ట్‌నర్ కళావరు ఆసు వేసింది. వెంటనే కిందినుంచి ఒక తురుపు వచ్చి దాని మీద పడింది. ‘ఎవడ్రా ఈ తొందరగాడు’ అనుకున్నాడు. ఆ తురుపు కింద ‘మీరు’ అని రాసి ఉంది.

ఇంకో ఆట చూశాడు. ఇంకో ఆట. అద్దాలు అరగదీసే యంత్రం ఊరికే తిరుగుతూనే ఉంది. ఇరవయ్యో ఆట దగ్గర ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పార్ట్‌నర్ ఆసు వేసినప్పుడల్లా ఆ గెలుపు తన చేతి మీదుగా రావాలన్న ఆరాటం ఆయనకి. పట్టు మనదైతే చాలదు, తనదవ్వాలి. బావమరిది ఏదైనా హాస్యం చెప్తుంటే చివరి మాట తనే ముందు అనేసేవాడు. భార్య ఎవరికైనా ఫ్రేము చూపిస్తుంటే మధ్యలో దూరి వేరేది పెట్టించేవాడు. ఊళ్ళోవాళ్ళ చూపంతా సరిచేసే పెద్దమనిషి, ముప్ఫై ఏళ్ళు తన చేతిని తను చూసుకోలేదు. నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తనలాంటి దద్దమ్మలు ఇంకెవరైనా ఉన్నారేమోనని, కాస్త ఊరట కోసం, మిగతావాళ్ళ అభిప్రాయాలు చదవసాగాడు. ప్రకటనలు ఎక్కువని ఒకరు, బొమ్మలు బాగున్నాయని ఒకరు. కిందికి పోగా పోగా, లిఫ్టు మీటల ఫొటో పెట్టుకున్న ‘ఏడో అంతస్తు’ అనే ఆయన, నాలుగు నక్షత్రాలు ఇచ్చి, పదమూడు నెలల కిందట రాసింది కనిపించింది.

“ఆట బాగుంది. కంప్యూటర్ పార్ట్‌నర్ నా ఆసుని కోయదు. మా అక్క మొగుడితో ముప్ఫై ఏళ్ళు ఆడినవాణ్ణి, ఇక్కడ హాయిగా ఉంది. ఒక నక్షత్రం తగ్గించింది ఎందుకంటే, గెలిచాక వీపు మీద చరిచేవాళ్ళు లేరు. గెలిచినా గెలిచినట్టుండదు.”

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మసక అద్దాలది కాదు.

ఫోను చేసే ధైర్యం అప్పటికీ రాలేదు. కానీ అభిప్రాయం రాయడంలో మనవాడికి చెయ్యి తిరిగింది కదా. తను రాసింది చెరిపేసి, అయిదు నక్షత్రాలు పెట్టి మళ్ళీ రాశాడు: “ఆటలో మోసం లేదు. పార్ట్‌నర్‌కి బుర్ర ఉంది. లేనిది నాకు. తొంభై ఒక్కసార్లు కోశానన్న లెక్క నిజమే, నేనూ చూసుకున్నాను. ‘ఏడో అంతస్తు’ గారు ఇది చదివితే బాగుండును.”

మంగళవారం గంటకోసారి చూశాడు. ఏమీ లేదు. బుధవారం ఒకావిడకి ఎడమ కంటి అద్దం కుడివైపు బిగించి, తిట్లు తిన్నాడు. గురువారం మధ్యాహ్నం ‘ఏడో అంతస్తు’ అభిప్రాయం మారింది. నక్షత్రాలు మూడయ్యాయి.

“ఇక్కడ ఒకాయన తప్పు ఒప్పుకున్నాడు. చదివాను. లెక్క తప్పింది. తొంభై ఒకటి ఫోనులో కోసినవి. గడియారం పోయినరోజు కోసింది ఎవరు కలుపుతారు?”

ఇదీ అసలు చిక్కు. కంప్యూటర్ ఆసుని కోశానని ఒప్పుకోవడం తేలిక, దానికి మనసు నొచ్చుకోదు. ఆ రోజుది ఒప్పుకుంటే, పద్నాలుగు నెలలుగా షాపులో ప్రతి కంటికీ చెప్పిన కథ అబద్ధమైపోతుంది. ఎప్పుడొచ్చిందో, భార్య వెనక నిలబడి ఫోనులోకి చూస్తోంది.

“ఆ రోజు వాడు వేసిన రంగు సరైనదేనా?” అడిగింది.

ఆయన యంత్రం కట్టేశాడు. “సరైనదే.”

“మీకెప్పుడు తెలిసింది?”

“కోసిన మరుక్షణం.”

ఆవిడ ముందు గదిలోకి పోయి మళ్ళీ ఫ్రేములు తుడవసాగింది. తిట్టినా బాగుండేది, ఆ తుడవడం ఆయన భరించలేకపోయాడు. అంతా చెరిపేసి, అయిదు నక్షత్రాల కింద రెండే మాటలు రాశాడు: “తొంభై రెండు.” పంపేశాడు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. ఆత్రంగా తెరిచాడు. కంపెనీవాళ్ళది. “ధన్యవాదాలు సార్. కానీ మా రికార్డుల ప్రకారం తొంభై ఒకటే.”

‘ఏడో అంతస్తు’ నుంచి శుక్రవారమంతా ఏమీ రాలేదు.

శనివారం మూడింటికి పోటీ. రెండున్నరకి షాపు మూయబోతుంటే గుమ్మంలో పనిముట్ల సంచి కనిపించింది, దాని వెనక బావమరిది. జుట్టు కాస్త నెరిసింది. తన కళ్ళ ముందు నెరవాల్సిన జుట్టు అనిపించి ఈయనకి మనసు చివుక్కుమంది.

“పేర్లు ఇచ్చారా బావగారూ?”

“ఇచ్చాను. ఇద్దరివీ. సోమవారమే.”

“నన్నడక్కుండానే?”

“అడిగితే రానంటావని.”

“మీరు మారరు,” అని సంచి గల్లా కింద పెట్టాడు. అక్క టీ ఇచ్చింది. మాట్లాడబోతే ఏడుపొస్తుందని లోపలికి పోయింది.

పోటీలో ఆశ్చర్యంగా ఫైనలు దాకా వెళ్ళారు. ఆఖరి ఆట, మూడు ముక్కలు మిగిలాయి. ఒక్క పట్టు వస్తే గడియారం. బావమరిది డైమాను ఆసు వేశాడు. మొదటి ప్రత్యర్థి, పోస్టాఫీసు గుమాస్తా, డైమాను ఐదు వేశాడు. ఈయన చేతిలో డైమాను లేదు. తురుపు రాజు ఉంది. మిగిలిన తురుపుల్లో అదే పెద్దదని ఆయన లెక్క. చెయ్యి దానంతటదే రాజు మీదికి పోయింది. పెదవి కొరుక్కున్నాడు. తొంభై రెండు అనుకున్నాడు. రాజుని వదిలి, పనికిరాని కళావరు మూడు తీసి, పాపాయిని పడుకోబెట్టినంత మెల్లగా టేబులు మీద పెట్టాడు. బావమరిది తలెత్తి చూశాడు. ఆ చూపు కోసం ఆ గడియారంలాంటివి పది వదులుకోవచ్చు.

ఒకటి వదులుకోవాల్సే వచ్చింది. చివర కూర్చున్న మందుల షాపాయన చేతిలో కూడా డైమాను లేదు. తురుపు నాలుగుతో ఆసుని కోశాడు. అయినా చేతిలో రాజు ఉందిగా అని ఈయన ధైర్యం. తరవాత ఆ మహానుభావుడు ఇంకో చిన్న తురుపు వేస్తే, గుమాస్తా దాని మీద తురుపు ఆసు దించాడు. ఈయన దగ్గర మిగిలిన తురుపు అదొక్కటే, వెయ్యక తప్పలేదు. ఆసు ముందు రాజు ఎంత? ఆసు ఇంకా బయటే తిరుగుతోందని ఆటంతా గుర్తే లేదు. ఆఖరి పట్టూ వాళ్ళదే.

పోయినసారి ఏమైందో అందరికీ తెలుసు, ఈయన పుణ్యమా అని. అందరూ ఈయన నోటి వైపే చూస్తున్నారు.

“దాన్ని మాత్రం కొయ్యాల్సింది బావగారూ,” అన్నాడు బావమరిది. “మందుల షాపాయన దగ్గర డైమాన్లు అయిపోయాయని రెండు పట్ల ముందే తెలిసింది కదా. మీరు రాజుతో కోసుంటే నాలుగు దాన్నేం చేసేది? గడియారం మనదే.”

“నాది తప్పే,” అన్నాడు కళ్ళద్దాలాయన. ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసరికి ఆయనకే నమ్మకం కలగలేదు. నవ్వు తన్నుకొచ్చింది. లేచి, టేబులు చుట్టూ తిరిగి వెళ్ళి, బావమరిది వీపు మీద పద్నాలుగు నెలల బాకీ అంతా కలిపి ఒక్కటి చరిచాడు. గ్లాసులో టీ సగం చొక్కా మీదికి ఒలికింది.

బావమరిది చొక్కా వైపు చూసుకున్నాడు. “ఓడిపోయాం బావగారూ,” అని గుర్తు చేశాడు.

“అయితే ఏంటి?”

అతను జేబులోంచి ఫోను తీశాడు. ఏదో నొక్కుతున్నాడు. ఈయన మెడ సాచి చూశాడు. పేకాట యాప్‌ని తీసెయ్యమంటారా అని ఫోను అడుగుతోంది. బావమరిది వేలు ‘అవును’ మీదికి వెళ్ళేలోపే, ఆగలేక, ఈయన చెయ్యి చాచి తనే నొక్కేశాడు.

“అది కూడా మీరేనా?” అన్నాడు బావమరిది.

“తొంభై మూడు,” అన్నాడు ఆయన.