హామీ కోర్సు

కాలరును రెండు చేతులతో పట్టుకుని జిలాని బాషా గట్టిగా లాగాడు. కుట్టు ఊడలేదు. ఊడనందుకు ఆయనకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. కళ్లజోడు సర్దుకుని, గుడ్డను కిటికీ వెలుతురులో పట్టుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు.

"ఇది నువ్వే కుట్టినావా లాల్ బీ?"

"నేనే కుట్టినా సార్. అల్లా మీద ఒట్టు."

"ఒట్లు ఎందుకులే. నా ముందర కూచుని ఇంకోటి కుట్టు."

లాల్ బీకి నలభై దాటాయి. మిగతా ఆడపిల్లలు చొక్కా చేతుల దాకా వచ్చినా ఆమె ఇంకా కాలరు దగ్గరే ఉంది. అయినా నొచ్చుకోకుండా ఇంకో ముక్క తీసుకుంది. ఆ హాలులో ఎవరూ బాషా అనుమానానికి నొచ్చుకోరు. అది పైన తిరిగే ఫ్యాను చప్పుడులాంటిది, వారం రోజులు పోతే వినపడదు.

రాయచోటిలో ఎరువుల అంగడి మేడ మీద ఉంది ఆ శిక్షణ కేంద్రం. ఒక గదిలో కంప్యూటర్లు, పక్క హాలులో ఇరవై రెండు కుట్టు మిషన్లు. బాషాకు యాభై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లు మిషను మీదికి వంగీ వంగీ ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. తన చొక్కా తానే కుట్టుకుంటాడు కాబట్టి ఆ తేడా లెక్కలోకి తీసుకునే కుడతాడు, చూసేవాళ్లకు తెలియదు. కుడిచేతి చూపుడు వేలి చివర సూది దిగిన మచ్చలు నల్లగా ఉంటాయి. ఎవరు కొలిచినదాన్నయినా మళ్లీ తన టేపుతో కొలుస్తాడు. తాను కొలిచినదాన్ని కూడా ఇంకోసారి కొలుస్తాడు.

పదకొండేళ్ల కిందట రెడీమేడ్ బట్టల దెబ్బకు ఆయన అంగడి మూతపడింది. చేతిలో ఉన్న పనితనం ఇక ఎందుకూ కొరగాదనుకున్నాడు. ఈ హాలుకు వచ్చిన మొదటిరోజు ఒక పిల్ల "సార్" అని పిలిస్తే, వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాడు. తనకే ఆ పిలుపు అని తెలిసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు వణికే దాకా ఈ హాలులో ఉండనిస్తే చాలు. అంతకుమించి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

పదిన్నరకు మేనేజరు అరుణ్ కుమార్ తన గదికి పిలిచాడు. ముప్పై ఏళ్ల కడప కుర్రాడు, మాటకు ముందు నవ్వుతాడు. ఆ నవ్వంటే బాషాకు మొదటినుంచీ గిట్టదు.

"కూచోండి సార్. పైనుంచి కొత్త రూలు వచ్చిండాది. మన సెంటర్లో ఇద్దరు సర్టిఫికెట్ కోర్సు చెయ్యల్ల. రెండు రకాలు ఉండాయి, ఒక్కొక్కరు ఒక్కోటి. మీరు సీనియర్, ముందు మీరు టిక్కు పెట్టండి. మిగిలింది ప్రేమజ్యోతి మేడం చేస్తాది. ఈరోజే పంపల్ల."

ఫారంలో రెండు గడులున్నాయి. ఒకదాని పక్కన 'మూల్యాంకనం' అనీ, రెండోదాని పక్కన 'నాణ్యతా హామీ' అనీ అచ్చయింది.

"ఇవి ఏంది?"

"మొదటిది, నేర్చుకున్నోళ్ల పని చూసి పాసా ఫెయిలా చెప్పేది. రెండోది, ఆ చెప్పినోళ్లు సరిగ్గా చెప్పినారా లేదా అని ఫైళ్లు చూసేది."

బాషా కళ్లు 'హామీ' అన్న మాట మీదే ఆగిపోయాయి.

ఆ మాట వాళ్లింట్లో ఎవరూ పలకరు. అన్న దావూద్ ఒకసారి పక్కవీధి లారీ డ్రైవరు కోసం కోర్టులో బెయిలుకు హామీ సంతకం పెట్టాడు. ఆ డ్రైవరు వాయిదాకు రాకుండా ఎటో పోయాడు. తర్వాత ఆరేళ్లు దావూద్ కోర్టు వరండాలోనే కూర్చున్నాడు, చేయని తప్పుకు తల వంచుకుని. అన్న అలా కుంగి కుంగి చనిపోయినప్పటినుంచి బాషా తన హాజరు తప్ప ఇంకెవరి పేరు దగ్గరా సంతకం పెట్టలేదు. వీధిలో చెట్లు నాటాలని అర్జీ తెచ్చినా పెట్టలేదు.

"నాణ్యతకు హామీ ఎవురప్పా?"

"ఆ కోర్సు చేసినోళ్లే సార్."

"అంటే సంతకం?"

"ప్రతి ఫైలు కింద పెట్టల్ల. అది ఆ హామీ కాదు సార్, ఇది వేరే" అని అరుణ్ కుమార్ నవ్వాడు.

ఆ నవ్వుతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. ఫారం మడిచి జేబులో పెట్టుకుని బాషా హాలుకు వచ్చాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, మేనేజరు గది ముందు ప్రేమజ్యోతి నిలబడి ఏదో అడుగుతోంది. ఇద్దరూ ఇటే చూస్తున్నారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ప్రేమజ్యోతి తన క్యారియరు తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. కంప్యూటర్లు నేర్పే టీచరు, నెమ్మదైన మనిషి. ఎప్పుడూ లేనిది ఆరోజు ఆయన క్యారియరు మూతలో ఒక ముక్క మామిడికాయ ఊరగాయ వేసింది.

"బాషాన్నా, నువ్వు హామీది తీసుకో. నీకు అదే మంచిది."

"నాకు మంచిదని నీకెట్ల తెలుసు జ్యోతమ్మా?"

"పాసు ఫెయిలు చెప్పే కోర్సు చేసినోళ్లు సొంత సెంటర్లో పాఠం చెప్పకూడదంట. ఊర్లు తిరగల్ల. హామీదైతే ఈడే ఉండి చెయ్యొచ్చు, నువ్వు ఈ హాలు ఇడిసి ఉండలేవు. నాకైతే మా యమ్మ ఆలూరులో ఉండాది, ఆరోగ్యం శానా బాగలేదు. పరీక్షల పేరుతో నెలకోసారి పోయి చూసొస్తా."

బాషా ఊరగాయ ముక్కను మూత అంచుకు జరిపాడు. ఇన్నేళ్లలో ఈమె ఆలూరు మాట ఎత్తడం ఆయన వినలేదు. ఈరోజే అమ్మకు బాగాలేకపోయిందా? పాఠం చెప్పేవాడు పరీక్ష చేయకూడదట! పిల్ల పని నేర్పినవాడికి కాక ఎవరికి తెలుస్తుంది? ఇదంతా తనను హామీలోకి తోయడానికే. రేపు ఎక్కడో ఎవరో మిషను ముఖం చూడని పిల్లను పాస్ చేస్తే, కింద ఉండేది జిలాని బాషా సంతకం.

"చూస్తాలేమ్మా" అన్నాడు.

ఫారం వెనక ఇంకో రెండు పేజీలున్నాయి, అంతా ఇంగ్లీషు. చదివించుకోవాలంటే మళ్లీ ఆ ఇద్దరినే అడగాలి. అడగలేదు.

మూడు గంటలకు లాల్ బీ కాలరు పూర్తి చేసింది. ఆయన కళ్లముందే, మొదటినుంచి చివరిదాకా. బాషా దాన్ని లాగాడు, వెలుతురులో చూశాడు, రెండు మొనలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కలిపాడు. వెంట్రుక తేడా లేదు.

"సరే" అన్నాడు.

ఆయన నోట అంతకు మించిన మెప్పు లేదు. లాల్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె పాసయిందని చెప్పింది తానేగా, పదకొండేళ్లుగా చేస్తున్నది ఇదేగా, దీనికే ఒక సర్టిఫికెట్ ఇస్తామంటే కాదనడం ఎందుకని బాషాకు తోచింది. కటింగ్ బల్ల మీద ఫారం పరిచి 'మూల్యాంకనం' గడిలో టిక్కు పెట్టాడు. కింద సంతకం చేశాడు.

ఆ ఫారాన్ని మేనేజరు చేతికివ్వడానికి మనసు ఒప్పలేదు. టిక్కు మార్చడం ఎంతసేపు? అందుకని మెట్లు దిగి, రోడ్డు దాటి, నెట్ సెంటరులో కూర్చుని, ఫారం స్కాన్ చేయించి, దాని మీదున్న ఈమెయిల్ అడ్రసుకు తానే దగ్గరుండి పంపించాడు. పోయిందని కంప్యూటరు చెప్పేదాకా లేవలేదు. ఒక జిరాక్సు తీయించి లోపలి జేబులో పెట్టుకుని, గెలిచిన మనిషిలా మెట్లెక్కాడు.

అరుణ్ కుమార్ జిరాక్సు చూసి ఈసారి నవ్వలేదు.

"పంపేసినారా సార్?"

"పంపేసినా."

"మేడం మీకు చెప్పలేదా?"

"చెప్పింది."

అరుణ్ కుమార్ ఫారం మూడో పేజీ తిప్పి, ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి తెలుగులో చెప్పాడు. మూల్యాంకనం ఎంచుకున్నవాళ్లు సొంత కేంద్రంలో బోధించరాదు. ఒకసారి పంపిన ఫారం మార్చడానికి వీల్లేదు.

"సోమవారం నుంచే ట్రైనింగు సార్, ఆలూరు సెంటర్లో. ఆడ అయిపోతే యాడికి పంపితే ఆడికి పోవల్ల. ఈ హాలుకు కొత్త టీచరు వస్తాది. నేను అడిగి చూస్తా గానీ, ఆశ పెట్టుకోవద్దు."

బాషా అతని ముఖంలోకి చూశాడు. తర్వాత గుమ్మంలో నిలబడిన ప్రేమజ్యోతి ముఖంలోకి చూశాడు. అక్కడెక్కడైనా ఒక అబద్ధం దొరికితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది. దొరకలేదు. నిజం చెప్పిన మనుషుల ముఖాలు ఎంత మామూలుగా ఉంటాయో అప్పుడే తెలిసినట్టు సిగ్గుతో తల దించుకున్నాడు.

"తప్పయిపోయింది జ్యోతమ్మా. నీ అవకాశం కూడా పాయె."

 ఆమెకు కోపం వచ్చిందనే తెలుస్తోంది, దాన్ని మింగుతోందనీ తెలుస్తోంది.

"పోనీలే అన్నా. ఆలూరులో చర్చి పక్క సందులోనే మా ఇల్లు. మా యమ్మ పేరు జీవమ్మ. ఒకతూరి పోయి చూసి, ఎట్ల ఉండాదో ఫోన్ చేసి చెప్పు. అమ్మ చెప్పేది నేను నమ్మను, అన్నిటికీ బాగుండా అంటాది. నువ్వు చూస్తే నమ్ముతా."

బాషా తల ఊపాడు.

హాలులోని పిల్లలు వెళ్లిపోయారు. లాల్ బీ ఒక్కతే తన మిషను తుడుస్తోంది.

"సోమవారం చేతులు నేర్పిస్తారా సార్?"

"కొత్త మేడం వస్తాది. ఆమె నేర్పిస్తాది."

"మీరు?"

"వేరే ఊరికి పోతాండా." ఆగి, మళ్లీ అన్నాడు. "ఆమె కొలిచి ఇచ్చినా నువ్వు ఇంకోసారి కొలుచుకో."

లాల్ బీ ఆయన ముఖం చూసి, సంచీ తీసుకుని వెళ్లిపోయింది. బాషా ఒక్కో మిషను మీదా గుడ్డ కప్పాడు, కిటికీలు మూశాడు, దీపాలు ఆర్పాడు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు కింద ఎరువుల అంగడి దాకా వినిపించి ఆగిపోయింది.

సోమవారం లాల్ బీ తన మిషను మీది గుడ్డ తీసేసరికి కింద ఒక కత్తెర ఉంది. పట్టు దగ్గర రంగుపోయిన పాత పెద్ద కత్తెర, పదకొండేళ్లూ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఆయన రోజూ ఇంటికి పట్టుకుపోయి మళ్లీ తెచ్చుకున్నది. దాని కింద మడిచిన గుడ్డ ముక్క మీద నీలం సుద్దతో రాసి ఉంది: దీంతో కాగితం కత్తిరించొద్దు.