తుండుగుడ్డ కింద మూడు

ఆదికేశవులుకు మిగిలింది ఒకే ఒక్క మాట. సరే.

ఆకలేస్తోందా అంటే సరే. వద్దా అన్నా సరే. పోయిన దీపావళికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పుడు, ఏడు భాషలు మాట్లాడిన ఆ నోట్లో దేవుడు ఆ ఒక్క మాటే ఉంచాడు. ఏం న్యాయమో! ముప్పై ఏళ్ళు దేశదేశాలు తిరిగి, తుపాకులు పట్టుకున్నవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదిర్చిన మనిషి ఆయన. ఎక్కడో ఆఫ్రికాలో ఒక ఏటి మీద ఆయన పేరుతో వంతెన కూడా ఉంది. అంతటి మనిషి ఇప్పుడు మద్రాసు చింతాద్రిపేటలో చెల్లెలి ఇంటి ముందుగదిలో, కూవం నది మురుగు వాసన కొట్టే కిటికీ పక్కన, పడకకుర్చీలో కూర్చుని ఆమె తినిపించింది తింటున్నాడు.

చెల్లెలు వాసవాంబ మాత్రం అన్న మంచి పేరు తగ్గడం ఒప్పుకోదు. ఎవరైనా వచ్చి జాలిగా చూస్తే, "ఈయనకేం? ఈడ కూర్చోని అంతా వింటా ఉండాడు" అని మొహం మీదే అనేస్తుంది.

తొంభై ఆరు వేసవిలో ఒక మధ్యాహ్నం బెంజమిన్ అనే ఆయన ఆ ఏటి దేశం నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. గడప దగ్గరే బూట్లు విప్పి, వచ్చీ రావడంతోనే ఆదికేశవులు పాదాలు తాకాడు. ఆ ఒక్క పనితో వాసవాంబ మనసు కరిగిపోయింది. ఆయన ఇంగ్లీషును వాసవాంబ కూతురు సింధూరి తెలుగు చేసి చెప్పింది.

"పద్దెనిమిదేళ్ళ కింద ఆ రాజీ కుదిరిన డేరాలో ఈయన గుమాస్తాగా ఉన్నాడంటమా. పశువులు మేపే పై ఒడ్డు పెద్దా, పైరు పెట్టే కింది ఒడ్డు పెద్దా పదకొండు దినాలు కూర్చున్నా లొంగలేదంట. తమ వాళ్ళ ముందర ఎవరూ తగ్గరు కదా. అప్పుడు మామ పెట్టెలోనుంచి ఒక గుడ్డ తీసినాడంట."

వాసవాంబకు నవ్వొచ్చింది. అది వాళ్ళ నాయన తుండుగుడ్డ.

నాయన దామోదరం కొత్తవాల్ చావిడి బజార్లో మిరపకాయల దళారి. అక్కడ బేరం నోటితో చేయరు. కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ తుండుగుడ్డ కింద కలుస్తాయి. ఒక వేలు పడితే ఒకటి, మూడు పడితే మూడు. చుట్టూ వందమంది నిలబడినా ధర మూడో కంటికి తెలియదు, తగ్గినవాడికి తలవంపులు లేవు. ఆ మూడు అంటే మూడా, ముప్పయ్యా, మూడు వందలా అని ఎవరూ చెప్పరు. మిరపకాయలు ఏ ధరకు పోతున్నాయో బజార్లో నిలబడ్డవాడికి తెలియదా ఏం! అన్నాచెల్లెళ్ళు చిన్నప్పుడు అన్నం క్యారియరు తీసుకెళ్ళి ఆ విద్య నేర్చుకున్నారు. ఇంట్లో అమ్మ కంటపడకుండా లడ్డూల లెక్క చెప్పుకున్నది కూడా అలాగే.

"మామ ఇద్దరి చేతులూ ఒక్కొక్కటే గుడ్డ కింద పట్టుకున్నాడంట. ఇద్దరూ నవ్వి సంతకం పెట్టినారంట. ఎండల్లో పై ఒడ్డు వాళ్ళు పశువుల్ని కింది ఒడ్డు నీళ్ళకు తోలుకోవచ్చు, ఎంతకాలమనేది ఆదికేశవులు గారి చేతిలో ఒప్పుకున్నాం అని మాత్రం రాసినారంట. అన్నేండ్లూ వానలు బాగా పడినాయి, ఎవరికీ అడిగే పని పడలేదు. ఈ రెండేండ్లుగా చుక్క లేదు. పెద్దలిద్దరూ చచ్చిపోయినారు. ఇప్పుడు మళ్ళా తుపాకులు బయటికి తీసినారంట."

"దానికేముంది, అన్ననే అడుగుదాం" అని వాసవాంబ లేచింది. మాట పోయిందిగానీ అన్నకు ఎడమ చెయ్యి ఉంది. ఆరు నెలలుగా ఇది తనకెందుకు తోచలేదా అని నెత్తి కొట్టుకుంది. తుండుగుడ్డ తెచ్చి ఇద్దరి చేతుల మీదా కప్పింది.

"అన్నా, అమ్మకు మనం ఎంతమందిమి పుట్టినాం?"

నాలుగు వేళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. సరిగ్గా నాలుగే. ఆమె కళ్ళు చెమర్చాయి. లోపల అన్న చెక్కుచెదరకుండా ఉన్నాడు!

"ఆ పొద్దు ఏటి కాడ ఎంత చెప్పినావన్నా?"

ఆయన మొహం మారింది. ఆమె చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు కలిపి పట్టుకున్నాడు.

"మూడు!" అంది వాసవాంబ గెలిచినట్టుగా.

బెంజమిన్ తల దించుకున్నాడు. ఆయన చెప్పింది సింధూరి నెమ్మదిగా చెప్పింది. "మూడని ఇద్దరూ అంటా ఉండారంటమా. పై ఒడ్డు వాళ్ళు మూడు నెలలంటారు. కింది ఒడ్డు వాళ్ళు మూడు దినాలంటారు."

వాసవాంబ అన్న మొహంలోకి చూసింది. ఎంత పని చేశావన్నా! బజార్లో అందరికీ తెలిసినట్టే వాళ్ళకూ తెలుసనుకున్నావా? ఒకాయన నెలలనుకుని నవ్వాడు, ఇంకొకాయన రోజులనుకుని నవ్వాడు. లోకమంతా మెచ్చుకున్న రాజీ ఆ రెండు నవ్వుల మీద పద్దెనిమిదేళ్ళు నిలబడింది.

"నెలలా అన్నా?"

"సరే."

"దినాలా?"

"సరే."

"అట్ల కాదన్నా. నెలలైతే ఒక వేలు పట్టు, దినాలైతే రెండు."

ఆయన మూడు వేళ్ళే పట్టుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఆ మూడే. నుదుటి మీద చెమట పట్టింది, మూడో వేలు మాత్రం వదల్లేదు.

బెంజమిన్ చేతులు జోడించి అన్నది సింధూరి తెలుగు చేసింది. "మీరు ఏది చెబితే అదే ఆయన మాటగా తీసుకుపోతాను. రెండు ఒడ్డులూ ఆ మాటకు కట్టుబడతాయి."

"అమా, ఏదో ఒకటి చెప్పేయ్ మా" అంది సింధూరి తన మాటగా.

"మూడు దినాలంటే ఏమవుతుంది?"

"పై ఒడ్డు పశువులన్నీ చస్తాయంట."

"మూడు నెలలంటే?"

"కింది ఒడ్డు పైరు ఎండిపోతుందంట. పిల్లకాయలకు తిండుండదు."

"మూడు వారాలని చెప్పితే?"

బెంజమిన్ దిగులుగా తల అడ్డంగా ఊపాడు. వారాలనే మాట ఏ ఒడ్డు పెద్దా తన వాళ్ళకు చెప్పలేదు. చెబితే అబద్ధమని రెండు ఒడ్డుల వాళ్ళూ కలిసి పట్టేస్తారు.

కుండలో నీళ్ళు ఎవరికి పోయాలో తేల్చేదానికి వాసవాంబ ఎవరు? చింతాద్రిపేట దాటి తిరుపతికి తప్ప ఎక్కడికీ పోని మనిషి. అన్న వైపు చూసింది. ఆయన పిల్లవాడిలా ఆమె వైపే చూస్తున్నాడు.

"నాకు తెలీదు నాయనా" అంది. "గుడ్డ కింద లెక్క వస్తుందేగానీ, దేని లెక్కో రాదు. అబద్ధం చెప్పి ఒక ఒడ్డును చంపలేను."

బెంజమిన్ ఆమె పెట్టిన మజ్జిగ తాగి, మళ్ళీ ఆదికేశవులు పాదాలు తాకి, గడప దగ్గర బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. వాసవాంబ కిటికీలోనుంచి ఆటో మలుపు తిరిగేదాకా చూసింది. వెనక్కి పిలిచి నిజం చెప్పేద్దామా అంటే, చెప్పడానికి ఆమె దగ్గర ఏ నిజమూ లేదు.

ఇరవై రోజుల తర్వాత పేపర్లో లోపలి పేజీలో ఐదు లైన్ల వార్త వచ్చింది. రెండు వైపుల నుంచీ కాల్పులు, నాలుగు వందల మంది మృతి, ఏటి మీద వంతెన కూలిపోయింది. వంతెన పేరు కూడా వేయలేదు. సింధూరి చదివి వినిపిస్తే వాసవాంబ గుమ్మం దగ్గర నిలబడి వింది. పేపరు మడిచి బియ్యం డబ్బా వెనక దాచి, కళ్ళు తుడుచుకుని అన్న దగ్గరికి వచ్చింది.

తల్లీకూతుళ్ళ మాటలు ఆయన చెవిన పడ్డాయో లేదో ఎవరికి తెలుసు? తుండుగుడ్డ అప్పటికే ఒళ్ళో పరిచి ఉంది. ఎడమ చెయ్యి దాని కింద ఉంది, రమ్మన్నట్టు గుడ్డ కదులుతోంది. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పెట్టింది.

ఆయన మూడు వేళ్ళు పట్టుకున్నాడు.

"ఏం మూడన్నా?" అంది వాసవాంబ. "చెప్పన్నా, ఏం మూడు?"

"సరే" అన్నాడు ఆదికేశవులు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వేళ్ళు మాత్రం వదల్లేదు.